ఆదివారం ఎవరిది?

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివే పిల్లలకు ఆదివారం సెలవు రోజు కాదని ఆ వయసు పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. రెసిడెన్షియల్ కాలేజీ అయితే పొద్దున్నే వీకెండ్ టెస్టు, మధ్యాహ్నం నుంచి స్టడీ అవర్స్. డే స్కాలర్ అయితే ఈఏపీసెట్ కోచింగో, నీట్ గ్రాండ్ టెస్టో. ఈ పద్ధతితో ఒక్కో ఇల్లు ఒక్కో ముచ్చట పోగొట్టుకుంటుంటే, క్రైస్తవ కుటుంబం తన వారం మొత్తానికీ ఇరుసులాంటి రోజునే పోగొట్టుకుంటోంది. చాలా పట్టణాల్లో మందిరానికి వెళ్లి కూర్చుంటే ఈ లోటు కంటికే తెలుస్తుంది. సండే స్కూల్ పిల్లలు చాపల నిండా ఉంటారు, పెళ్లయిన జంటలుంటాయి, పెద్దవాళ్లుంటారు. పదహారు, పదిహేడేళ్ల వాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మొన్నమొన్నటి దాకా క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులుగా, జ్ఞానులుగా వేషాలు కట్టింది వీళ్లే. ఎక్కడికి పోయారని అడిగితే యూత్ మీటింగుల్లో ప్రసంగీకులు చెప్పే జవాబు ఒకటే: సెల్‌ఫోన్, సినిమా, చెడు స్నేహాలు. లోకం లాగేసుకుందంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు గానీ, అసలు వరస అది కాదని నా వాదన. యౌవనంలో అడుగుపెట్టిన బిడ్డ జీవితంలో విశ్వాసాన్ని మధ్య నుంచి పక్కకు జరిపింది ముందుగా పెద్దలే. ఫోను వచ్చి కూర్చున్నది అలా ఖాళీ అయిన చోటే.

జీవితానికి దేవుడు కేంద్రం కావాలని ప్రతి సంఘంలోనూ చెబుతారు. కేంద్రం కావడమంటే ఏమిటో అంత తేటగా ఎవరూ చెప్పరు. రోజుకు ఎన్ని అధ్యాయాలు చదివాం, ఎంతసేపు మోకాళ్లూనాం అన్న లెక్కతో అది తేలదు. చదువు, స్నేహం, ఆట, నిద్ర అన్నీ కలిస్తే ఏ బిడ్డకైనా ప్రార్థనకు దొరికే సమయం తక్కువే, అందులో తప్పు లేదు. రెండు సంగతులు ఒకే గంట కోసం పోటీ పడినప్పుడు ఏది పక్కకు తప్పుకుంటుందో చూడాలి. తప్పుకోనిదే కేంద్రం. ఈ కొలతతో చూస్తే, రోజూ కుటుంబ ప్రార్థన జరిగే ఇళ్లలో కూడా పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే తీర్పు వెలువడిపోతుంది. "ఈ రెండేళ్లు ఓర్చుకో నాన్నా, సీటు వచ్చాక గుడి ఎక్కడికీ పోదు" అంటారు తల్లిదండ్రులు. ప్రేమతోనే అంటారు. కానీ బిడ్డ చెవికి చేరేది ఇంకో సంగతి. దేవుడు ఆగగలడు, జేఈఈ ఆగదు. పదహారేళ్ల తెలివికి ఈ రెంటిలో ఏది పెద్దదో తేల్చుకోవడం కష్టం కాదు.

దీనికి తోడు ఫలితాల తర్వాత వచ్చే ఆదివారం ఉంటుంది. మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లల్ని ముందుకు పిలిచి మైకు ఇస్తారు, సాక్ష్యం చెప్పమంటారు. దేవుడు ఈ ర్యాంకు ఇచ్చాడని వాళ్లు చెబుతారు, సంఘం చప్పట్లు కొడుతుంది, పాస్టరుగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. కృతజ్ఞత చెప్పడంలో తప్పేమీ లేదు. అయితే చిన్నప్పటి నుంచి విన్న సాక్ష్యాలన్నీ ర్యాంకు, ఉద్యోగం, వీసా, ఇల్లు చుట్టూనే తిరిగితే, దేవుడు వాటిని ఇప్పించే దారి అన్న సంగతి బాగా వంటబడుతుంది. గమ్యం ర్యాంకు అయినప్పుడు దారి దారిగానే మిగులుతుంది, దానికి కేంద్రస్థానం ఎలా వస్తుంది? పైగా ఆ ఆదివారం మందిరంలో ఇంకో బిడ్డ కూడా కూర్చుని ఉంటాడు. అంతే ప్రార్థన చేశాడు, ఉపవాసం కూడా ఉన్నాడు, సీటు రాలేదు. అతనికి ఎవరూ మైకు ఇవ్వరు. నాకు ఇవ్వని దేవుడు వాడికెందుకు ఇచ్చాడన్న ప్రశ్నతో అతను ఇంటికి వెళతాడు. సంఘం నుంచి ఆ బిడ్డ దూరమైతే దోషం సినిమాది అనడం నాకు న్యాయంగా తోచదు.

అమెరికాలో క్రిస్టియన్ స్మిత్ అనే సామాజిక శాస్త్రవేత్త సహచరులతో కలిసి 13 నుంచి 17 ఏళ్ల పిల్లల మత జీవితం మీద పెద్ద అధ్యయనం చేశారు. 3 వేలకు పైగా పిల్లల్ని ఫోన్‌లో ప్రశ్నించి, వారిలో 267 మందితో ముఖాముఖి కూర్చుని మాట్లాడారు. 2005లో వచ్చిన ఆయన పుస్తకం 'సోల్ సెర్చింగ్' అక్కడి సంఘాలను కుదిపేసింది. పిల్లలు తిరగబడుతున్నారేమోనని భయపడినవాళ్లకు తేలింది వేరు. ఎక్కువమంది తల్లిదండ్రుల మతాన్నే సాదాసీదాగా ఒప్పుకుంటున్నారు. కాకపోతే వాళ్ల మనసుల్లో ఉన్న దేవుడు అవసరం పడినప్పుడు పిలిస్తే పలికేవాడు, మిగతా వేళల్లో జోక్యం చేసుకోనివాడు. మనిషి మంచిగా, సంతోషంగా ఉంటే చాలని కోరుకునేవాడు. సిలువ, పాపం, పరిశుద్ధత లాంటి మాటలు వాళ్ల సంభాషణల్లో పెద్దగా దొర్లనే లేదు. ఈ బలహీనమైన మతం పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే జాడలు ఇంటివైపే నడిచాయి. యౌవనస్థుల విశ్వాసం మీద అన్నిటికన్నా బలమైన ప్రభావం తల్లిదండ్రులదే అన్నది ఆ అధ్యయనం తేల్చిన ముఖ్య విషయాల్లో ఒకటి. అది అమెరికా లెక్క, దాన్ని యథాతథంగా గుంటూరుకో కరీంనగర్‌కో అంటగట్టలేం. అయినా, పిలిస్తే పలికి ర్యాంకు ఇచ్చి వెళ్లిపోయే దేవుణ్ని మన సాక్ష్యాల్లో గుర్తుపట్టడానికి ఏ సర్వే అక్కర్లేదు.

ఆదివారం దగ్గరే ఇంత పట్టుబట్టడం దేనికని కొందరికి అనిపించవచ్చు. ఆ రోజు విలువ తెలియాలంటే ఒంగోలు చరిత్రలోకి వెళ్లాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1867 జనవరి 1న అక్కడ సంఘం స్థాపించినప్పుడు ఉన్నది 8 మంది సభ్యులు. యర్రగుంట్ల పేరయ్య అనే తోలుపని చేసుకునే మాదిగ పెద్ద అప్పటికే బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి తనవాళ్లకు వాక్యం చెబుతున్నాడు. అలా చేరిన మాదిగ కుటుంబాలు మూడు సంగతులకు కట్టుబడ్డాయి: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మొదటి రెండూ ఊరికి అంతగా పట్టలేదేమో గానీ మూడోది పెద్ద తగవు తెచ్చింది. మాదిగవాడంటే పిలిచినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి మోకు పేని, తోలు కుట్టి, వెట్టి చేయాల్సినవాడు. వారంలో ఒక రోజు నాది అని అతను అనడం ఊరి కట్టుబాటుకే ఎదురు తిరగడం. దాని ఫలితం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. చాకలి వాళ్ల బట్టలు ఉతకకూడదన్నారు, కుమ్మరి కుండలు అమ్మకూడదన్నారు, పశువుల్ని ఊరి బీడులోంచి తోలేశారు. చెప్పులు కుట్టే పని ఆపేశారు, కోతల కాలంలో పిలవకపోవడంతో ఏడాది గింజలూ పోయాయి.

కరువులో గంజి కోసం మతం మారారన్న మాట ఈ చరిత్ర ఎత్తినప్పుడల్లా వస్తుంది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించిన క్లౌ, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం కావాలనే ఆపేశారు. తిండి కోసం ఎవరూ రాకూడదనే అలా చేశారు. పని ముగిశాకే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అక్కడితో ఆ చర్చ ఆపుదాం. మన విషయానికి కావాల్సింది ఆ తొలి కుటుంబాలు ఆదివారానికి కట్టిన ధర. వాళ్లకు విశ్వాసం ఏమీ ఇప్పించకముందే చాలా పోగొట్టింది. పని పోయింది, గింజ పోయింది, ఊరి దయ పోయింది. అయినా ఆ రోజు వదల్లేదు. ఒక మనిషి మొత్తంగా ఎవరి సొత్తూ కాడని చెప్పే రోజు అది. బైబిల్లోనే ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినానికి చూపించిన కారణం ఇదే. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, అది మరిచిపోవద్దు, మీ దాసుడూ దాసీ కూడా ఆ రోజు పని మానాలి. అలాంటి రోజును తరాల తర్వాత ఆ కుటుంబాల వారసులు వీకెండ్ టెస్టుకు ఊరికే అప్పజెప్పారు. ఎవరూ కుండలు అమ్మనని బెదిరించలేదు. కాలేజీ టైమ్‌టేబుల్ కాగితం ఒకటి చేతికిచ్చారు, అంతే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. పేద కుటుంబానికి చదువు తప్ప ఇంకో నిచ్చెన లేదు. దళితవాడ నుంచి మొదటిసారి ఇంజినీరింగ్ మెట్టెక్కబోతున్న పిల్లకు ఆదివారం నిష్ఠలు బోధించడం కడుపు నిండినవాళ్ల మాట అనవచ్చు. ఆ చదువుకు బాట వేసింది కూడా మిషనే కదా, మచిలీపట్నంలో నోబుల్ కాలేజీ, గుంటూరులో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ, పల్లెల్లో రాత్రిబడులు ఎందుకు పెట్టారనీ అడగవచ్చు. నిజమే. చదువుకూ విశ్వాసానికీ శత్రుత్వం ఉందనడం ఆ చరిత్రకే ద్రోహం. బబులోనుకు బందీగా వెళ్లిన దానియేలు యౌవనస్థుడే. కల్దీయుల భాష, శాస్త్రం అన్నీ నేర్చుకున్నాడు, తోటివాళ్లకన్నా ముందున్నాడు, రాజు పెట్టిన పరాయి పేరునూ మోశాడు. రాజు బల్ల మీది భోజనం ఒక్కటే వద్దన్నాడు. ఆ ఒక్క నిరాకరణతోనే తాను ఎవరి మనిషో తనకు గుర్తుంది. ఇంటర్ చదివే కుర్రవాడు అడగాల్సింది కూడా అంతే, వారంలో ఒక పూట. ఏడు రోజుల్లో రెండు గంటలు కూడా ఇవ్వలేని టైమ్‌టేబుల్ ఉంటే ప్రశ్నించాల్సింది ఆ టైమ్‌టేబుల్‌ని. నిద్ర లేక, ఆట లేక, ఇంటి ముఖం చూడక నలిగిపోతున్న పిల్లల గురించి ఏటా ఫలితాల కాలంలో వచ్చే వార్తలు చదివినవారెవరికైనా ఆ పూట ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. సమాజానికి ఇలాంటి సర్దుబాటు కొత్తా కాదు. అయ్యప్ప మాల వేసుకున్న విద్యార్థి నల్లబట్టల్లో క్లాసుకు రావడాన్ని, ఉపవాసం ఉన్న ముస్లిం విద్యార్థి ఇఫ్తార్ వేళకు లేచి వెళ్లడాన్ని చాలాచోట్ల మామూలుగానే తీసుకుంటారు. క్రైస్తవ పెద్దలు అడగలేదు, అందుకే దొరకలేదు.

ఈ సందర్భంలో ప్రసంగాల్లో తప్పకుండా వచ్చే కథ ఎరిక్ లిడెల్‌ది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆ పరుగు వదులుకుని, 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. చక్కటి కథే. కానీ పతకం రాకపోయి ఉంటే ఈ కథ మన మందిరాల్లో ఎవరైనా చెప్పేవారా అని నాకు సందేహం. అది కూడా ఒక రకం ర్యాంకు సాక్ష్యంగానే చెలామణి అవుతోంది. ఆదివారం పాటించిన పిల్లకు నాలుగు మార్కులు తగ్గవచ్చు. తగ్గవని హామీ ఇచ్చే బోధకుడు ఒంగోలు చరిత్ర చదవలేదన్న మాట.

రెండో అభ్యంతరం స్వేచ్ఛ గురించి. పిల్లలకు మతం నూరిపోయడం తప్పు, పెద్దయ్యాక వాళ్లే ఎంచుకుంటారు అంటారు కొందరు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆ వయసువాళ్లకు మనస్సాక్షి ఉంటుందని, అది వాళ్ల సొంతమే కాగలదని మన సుప్రీంకోర్టు ఎప్పుడో ఒప్పుకుంది. కేరళలో 1985లో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదువుతున్న తోబుట్టువులు వాళ్లు. యెహోవా సాక్షుల కుటుంబం. జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడ్డారు గానీ గొంతు కలపలేదు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరుపడ్డ ఈ వివాదంలో 1986 ఆగస్టు 11న తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఢిల్లీ వెళ్లిన న్యాయమూర్తి ఓ.చిన్నప్పరెడ్డి. పిల్లల్ని పంపేయడం వాళ్ల అంతరాత్మ స్వేచ్ఛకు భంగమని, వాళ్లను తిరిగి చేర్చుకోవాలని ఆ తీర్పు చెప్పింది. యెహోవా సాక్షుల సిద్ధాంతాన్ని మన ప్రధాన సంఘాలేవీ ఒప్పుకోవు, అది వేరే సంగతి. కోర్టు చూసింది సిద్ధాంతం ఒప్పో తప్పో కాదు, ఆ నమ్మకం నిజాయతీగా ఉందా లేదా అన్నదే. సంఘాల సంప్రదాయంలోనూ ఈ గౌరవం లేకపోలేదు. బాప్టిస్టులు తెలివి వచ్చి తానుగా ఒప్పుకుంటేనే నీళ్లలోకి దింపుతారు. సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల్లో పసితనపు బాప్తిస్మాన్ని కన్ఫర్మేషన్ వేళ బిడ్డ తన నోటితో తిరిగి పలకాలి. ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఎంపిక స్వేచ్ఛ రాదు, ఎంచుకోవడానికి ఎదుట ఏదో ఒకటి ఉండాలి కదా.

అయితే నూరిపోయడమన్న ఆరోపణకు సంఘం నిజంగా దోషి అయ్యే చోటు ఒకటుంది. అది ప్రశ్నల దగ్గర. బైపీసీ చదివే అమ్మాయి జీవపరిణామం పాఠం చదివి వచ్చి ఆదికాండం గురించి అడుగుతుంది. ఎంతో మంచివాళ్లయిన పక్కింటి హిందూ దంపతులు నరకానికి పోతారా అని ఇంకొకడు అడుగుతాడు. సంఘంలోనూ కులం చూసే ఎందుకు పెళ్లిళ్లు చేస్తున్నారని మూడోవాడు అడుగుతాడు. నిజానికి ఈ మూడో ప్రశ్నే పెద్దల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. "సాతాను శోధన, ప్రార్థన చేసుకో" అన్న జవాబుతో చర్చ ముగుస్తుంది. ఆ తర్వాత ఆ పిల్లలు అడగడం మానేస్తారు, దాన్ని పెద్దలు విధేయత అనుకుంటారు. కాలేజీలో ఒక తల, మందిరంలో ఒక తల పెట్టుకుని బతకడం అప్పుడే అలవాటవుతుంది. సువార్తల్లో యేసు బాల్యం గురించి చెప్పిన ఒకే ఒక్క సంఘటనలో పన్నెండేళ్ల పిల్లవాడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆ బోధకులు అతన్ని బయటికి పంపలేదు, ఆశ్చర్యపోయారు. మన యూత్ మీటింగుల్లో కీబోర్డుకు, సౌండ్ సిస్టానికి దొరికే సమయంలో నాలుగో వంతు ఈ కూర్చోవడానికి దొరికినా చాలా మారుతుంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కాలేజీల్లో, హాస్టళ్లలో విద్యార్థులే నడుపుకునే ప్రార్థన బృందాలు ఈ లోటు కొంత తీరుస్తున్నాయి. 1954లో మొదలైన యూఈఎస్‌ఐ లాంటి విద్యార్థి సంస్థల్లో ఇరవై ఏళ్లవాళ్లు పదహారేళ్లవాళ్లకు వాక్యం చెబుతారు, సందేహాలు వాళ్ల భాషలోనే విప్పుతారు. అక్కడ బాధ్యత పిల్లలదే కావడంతో వచ్చేవాళ్లకు అది తమదిగానే అనిపిస్తుంది.

పదిహేడో ఏట ఇంకో పరీక్ష కూడా ఎదురవుతుంది, దాని గురించి వేదిక మీద ఎవరూ మాట్లాడరు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు కుల ధ్రువీకరణ పత్రం పెట్టాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు లేదు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తారు, వాటా 1 శాతం. తాత మీద పడ్డ అంటరానితనం మనవడి బాప్తిస్మంతో ఊళ్లో మాయమైపోదు, కాగితం మీద మాత్రం మాయమవుతుంది. ఎస్సీ హోదాకూ మతానికీ ఉన్న ఈ లంకె తెంచాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానమూ చేసింది. 2024 నవంబర్‌లో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు మాత్రం, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళుతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. ఫలితంగా ఎన్నో ఇళ్లలో బిడ్డకు రెండు పేర్లు, రెండు మతాలు. మందిరంలో ఒకటి, మార్కుల జాబితాలో ఒకటి. అది బహిరంగ రహస్యం. ఆ బిడ్డను కపటి అనడానికి నాకు నోరు రాదు. విశ్వాసానికి ఇంత ధర కట్టింది చట్టం, అది అన్యాయమని నా అభిప్రాయం. అయితే పిల్లవాడికి ఈ సంగతి విడమరిచి చెప్పకుండా, "ఆఫీసులో అడిగితే హిందూ అను" అని గుసగుసగా నేర్పడం వేరే అన్యాయం. దాపరికంతో నేర్పినది సిగ్గుగా మిగులుతుంది. ఈ చట్టం చరిత్ర, దాని మీద నడుస్తున్న పోరాటం, తమ కుటుంబం ఏ దారి ఎందుకు ఎంచుకుందో తల్లిదండ్రులు కూర్చోబెట్టి చెప్పాలి. ఆ మాటలయ్యాక బిడ్డ ఏదంటే దాన్ని వినడానికి సిద్ధపడాలి కూడా. బీసీ-సీ పత్రమే తెచ్చుకుంటానని అంటే? కొన్ని ఇళ్లలో ఆ జవాబు భయపెడుతుంది.

విశ్వాసం ఇంతగా కేంద్రమైతే పిల్లలు సంకుచితులవుతారన్న భయం అన్యమతస్థులైన స్నేహితుల్లోనే కాదు, ఉదారంగా ఆలోచించే క్రైస్తవుల్లోనూ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇతరుల దేవుళ్లను ఎగతాళి చేసే రీల్స్ పెట్టే యువకుల్ని చూస్తే ఆ భయం వట్టిదనలేం. అయితే ఆ రీల్స్ లైకుల కోసం, గుంపు మెప్పు కోసం. అక్కడ మధ్యలో కూర్చున్నది గుంపే. శత్రువును కూడా ప్రేమించమన్న, పొరుగువాడెవరని అడిగితే పరాయి జాతి సమరయుణ్ని చూపించిన విశ్వాసం నిజంగా ఆ చోట ఉంటే ఫలితం వేరుగా ఉంటుంది.

ఏటా కొత్త అడ్మిషన్లు మొదలవుతాయి. తల్లిదండ్రులు ఫీజు అడుగుతారు, ఏసీ ఉందా లేదా అడుగుతారు, గత ఏడాది ర్యాంకులు అడుగుతారు. ఆదివారం పొద్దున పిల్లల్ని రెండు గంటలు ఆరాధనకు పంపుతారా అని కూడా అక్కడే, సంతకం పెట్టకముందే, బిడ్డ వింటుండగా అడగవచ్చు. ఒక కుటుంబం అడిగితే కాలేజీ నవ్వి ఊరుకుంటుంది. ఒకే పట్టణంలోని సీఎస్‌ఐ, బాప్టిస్టు, లూథరన్, కేథలిక్, పెంతెకొస్తు సంఘాల కాపరులు కలిసి ఒక ఉత్తరం పట్టుకెళితే అంత తేలిగ్గా నవ్వలేదు. క్రిస్మస్ ర్యాలీకి కలవగలిగినవాళ్లు దీనికి కలవలేకపోరు. అయినా కుదరదని కాలేజీ అంటే, ఆ ఇల్లు ఏం చేస్తుందో పక్కన నిలబడ్డ పదహారేళ్ల బిడ్డ చూస్తూనే ఉంటుంది.